ఫోన్‌లో వడ్డీ కన్నా గోదాంలో బస్తా మేలు

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో నూర్పిళ్లయి ధాన్యం డబ్బు చేతికొచ్చే వేళ కొత్త మాటలు చెప్పేవాళ్లూ వస్తారు. "క్రిప్టోలో పెట్టండి, ఆ సొమ్ము విదేశాల్లో అసలైన వ్యాపారాలకు అప్పుగా పోతుంది, నెలనెలా వడ్డీ పడుతుంది" అంటే తొందరపడకండి.

ఈ పద్ధతి ఉన్న మాట నిజమే. డాలరు విలువతో నడిచే టోకెన్లను పదిమందీ కంప్యూటర్‌ ద్వారా పోగుచేసి, బ్యాంకు ప్రమేయం లేకుండా కంపెనీలకు అప్పిస్తారు. లెక్క కంప్యూటర్‌ తప్పు లేకుండా రాస్తుంది. కానీ బాకీదారు గడప తొక్కి అడగడం దానివల్ల కాదు.

గోల్డ్‌ఫించ్ అనే ఇలాంటి వేదిక మీదుగా ఆఫ్రికాలో మోటారు సైకిళ్లకు అప్పులిచ్చే టుగెండె కంపెనీకి 50 లక్షల డాలర్లు వెళ్లాయి. కెన్యాలో వాడాల్సిన సొమ్ములో కొంత ఉగాండాకు మళ్లింది. 2023లో ఆ అప్పు మొండిబాకీగా మారింది. డబ్బు పెట్టినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఎవరు పోయి నిలదీస్తారు?

మన దగ్గర బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. క్రిప్టోకు లేదు. పైగా 2022 ఏప్రిల్ నుంచి దాని లాభం మీద 30 శాతం పన్ను.

అసలు చిన్న రైతుకు కావలసింది ఆ వడ్డీ కాదు, ధర వచ్చేదాకా ఆగే వీలు. సరుకు చూపి అప్పు పుట్టించుకునే దారి మనకూ ఉంది. గోదాముల చట్టం 2007లో వచ్చింది. ఎలక్ట్రానిక్ రసీదులు 2017లో మొదలయ్యాయి. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకు గుర్తింపు పొందిన గోదాం రసీదుపై, కోతల తర్వాత 6 నెలల వరకు పంట రుణం వడ్డీకే అప్పిచ్చే ఏర్పాటుంది.

ఇలా చేయండి. ధాన్యాన్ని తేమ 14 శాతానికి దిగేలా ఆరబెట్టండి. గోదాంకు డబ్ల్యుడిఆర్‌ఎ గుర్తింపు ఉందో లేదో అడగండి. రసీదులో మీ పేరు, తూకం, నాణ్యత సరిచూసుకుని బ్యాంకుకు వెళ్లండి. గోదాం అద్దె, వడ్డీ ముందే లెక్కేసుకోండి. ధర పెరగకపోతే అవి మీద పడతాయి. అందుకే సరుకంతా పెట్టకండి, అవసరానికి కొంత అమ్ముకోండి.

ఎవరు ఏ పథకం చెప్పినా మూడు ప్రశ్నలు వేయండి. అప్పు ఎవరికి? తాకట్టు ఏమిటి? ఎగ్గొడితే అడిగేదెవరు? జవాబు చెప్పలేకపోతే రూపాయి కూడా ఇవ్వకండి.