తేటమాట, వాడుకమాట

రాజమహేంద్రవరమున మా వీథి చివర నుండు కుర్రవాడొకడు సాయంకాలమగుసరికి అరుగుమీద చేరగిలబడి, చెవులలో ఇయర్‌ఫోన్లు దోపుకొని, పెదవులు మెదల్చుచు జపానుభాష వల్లెవేయుచుండును. జపాను ప్రభుత్వము 2019 ఏప్రిలు మాసమున విదేశీయులకై క్రొత్తగా తెరచిన ప్రత్యేక నైపుణ్య వీసా క్రింద, వృద్ధులను సాకు శరణాలయమొకదానిలో ఉద్యోగము సంపాదింపవలెనని వాని సంకల్పము. అందులకు జపానుభాషా సామర్థ్య పరీక్షలో ఎన్-4 అను మెట్టునైనను, దానికి ఈడైన వేరొక పరీక్షనైనను దాటక తప్పదు. ఆరు మాసములు ఒక్క దినమైనను మానక అభ్యసించిన ఆ పిల్లవాడు, మొన్న జపాను దేశస్థుడొకనితో వీడియోలో పది నిమిషములు మాటలాడి వచ్చి, నా యెదుట దిగాలుపడి కూర్చుండెను.

“ఏరా, ఎలా జరిగింది?” అంటిని.

“ఏం చెప్పమంటారండి మాస్టారూ! రికార్డులో ఆవిడ మాటాడితే ప్రతి ముక్కా తెలిసిపోద్దండి. ఈయన నోరు తెరిచేడో లేదో, మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేయండి. ఇన్నాళ్ళూ నేను నేర్చుకున్నది జపాను బాషేనా అని అనుమానం వచ్చేసిందండి.”

“రెండూ జపాను భాషేరా అబ్బాయీ.”

“ఆయ్,” అనెను గాని, నమ్మినట్లు వాని మొగమున కానరాలేదు.

వాని అనుమానము త్రోసివేయదగినది కాదు. పరభాష నేర్చువారికై తయారుచేయు రికార్డులందు, కంఠము సాధనచేసిన స్త్రీయో పురుషుడో, ఈగ వాలినను వినబడు గదిలో కూర్చుండి, ముందున్న కాగితము చూచుచు, వాక్యమునకు వాక్యమునకు నడుమ ఊపిరి పీల్చుకొని, మాటమాటకు అంచులు దిద్ది పలుకుదురు. ఇట్టి పలుకుబడి వలన మేలు లేదనుట అన్యాయము. 1985 లో అమెరికాయందలి మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో పిచెనీ, డుర్లాక్, బ్రైడా అను మువ్వురు పరిశోధకులు, వినికిడి మందగించినవారికి వాక్యములను మామూలుగా మాటలాడు తీరున ఒకమారును, శ్రద్ధగా తేటపరచి పలికిన తీరున ఒకమారును వినిపించి చూడగా, తేటగా పలికినప్పుడు శ్రోతలు పట్టుకొన్న మాటలు నూటికి సుమారు 17 వంతులు హెచ్చినవి. ఆ పలుకు వేగమున మామూలు పలుకులో దాదాపు సగమే. అయితే ఆ మేలంతయు నిదానము వలననే కలిగినది కాదు, హల్లులు పూర్తిగా విడుచుట, అచ్చులు నలుగకుండ నిలుపుట, మాటల నడుమ విరామమిచ్చుట అను గుణములును దానిలో నున్నవి. సెల్‌ఫోనులోని వేగము తగ్గించు మీట నొక్కి తేటమాట వింటిమనుకొనువారు ఇది గమనింపవలెను. ఆ మీట ఉన్న ధ్వనిని సాగదీయును గాని, మాటలాడినవాడు మ్రింగివేసిన అచ్చును తెచ్చి యీయజాలదు.

ఇక జపానుభాష సంగతి. ఆ భాషకును మన భాషకును చుట్టరికమున్నదా లేదా యను తగవులోనికి నేను దిగను. మన చెవికి అది పరాయిదిగా తోచదను మాట మాత్రము నిజము. మనవలెనే కర్మ ముందును క్రియ తుదనుగా వాక్యము నడచును. మన విభక్తులవలెనే వారి ప్రత్యయములును నామమునకు వెనుక చేరును. మాటలు మిక్కిలిగా అచ్చుతోనే ముగియును. ఒబసన్ అనిన అత్తయ్యయో పిన్నమ్మయో, ఒబాసన్ అనిన అవ్వ. కితె అనిన వచ్చి, కిత్తె అనిన తపాలాబిళ్ళ. దీర్ఘమునకును ద్విత్వమునకును అర్థము మారు ఇట్టి చోట్ల ఇంగ్లీషువారు నెలల తరబడి తడబడుదురు. ఎ, ఒ హ్రస్వములు సయితము అక్షరమాలలోనే గల తెలుగువాడు మొదటి వారముననే దాటిపోవును. ఈ సులభత్వమే పిమ్మట వానిని మోసపుచ్చును. ఉన్న అక్షరమెల్ల పలుకవలెనని మనకు గుణింతము నాడే అలవడినది. జపానువాడట్లు పలుకడు. దెసు అని వ్రాసి దెస్ అనును. సుకియాకి అను వంటకమును స్కియాకి అనునట్లు పలుకును. ఇ, ఉ అను అచ్చులు నాదము లేని హల్లుల నడుమ చిక్కుకొనినచో, లేదా అట్టి హల్లు తరువాత మాట తుద నున్నచో, తరచుగా నాదము కోల్పోయి కేవలము ఊపిరిగా మిగులును. ఇది తొందరపాటు కాదు, అలసత్వమును కాదు. టోకియో రేడియోలో వార్తలు చదువు పెద్దమనిషియును ఇట్లే పలుకును.

స్వరము సంగతియు నిట్టిదే. హషి అను మాటలో మొదటి అక్షరము హెచ్చు స్థాయిని పలికినచో అన్నము తిను పుల్లలు. రెండవది హెచ్చించినచో వంతెన. ఒసాకా దిక్కున ఈ హెచ్చుతగ్గులు తారుమారగును. జపాను రేడియో సంస్థయగు ఎన్.హెచ్.కె. 1943 లోనే ఇట్టి స్వరములకొక నిఘంటువును ప్రకటించెననిన, వారు దీనిని ఎంత ముఖ్యముగా నెంచిరో తెలియగలదు.

ఇందుచేత, వాడుకమాటలోని విశేషములు ఒక జాతివి కావని నా యభిప్రాయము. కొన్ని భాష యొక్క స్వభావమునుండి పుట్టినవి. ఎంత నిదానముగ పలికినను అవి యుండవలసినదే, తీసివేసినచో మిగులునది తేటమాట కాదు, తప్పుమాట. కొన్ని చనవు వలనను వడి వలనను పుట్టినవి, అవి కొన్నాళ్ళాగి రావచ్చును. మన భాషనే చూడుడు. చలి, చాప అను మాటలలోని చకారము చిలుకలోని చకారము కాదు. దంత్యమనియు తాలవ్యమనియు పూర్వ లాక్షణికులు దానిని ఏనాడో వేరుపరచిరి. వచ్చాడు అని కొందరును, వచ్చేడు అని మా గోదావరి ప్రాంతమువారమును వ్రాయుదుము. నోట పలుకు అచ్చు ఆకారమునకును ఏకారమునకును నడుమ నుండునది, దానికి లిపిలో అక్షరమే లేదు. తెలుగు నేర్చు పరదేశికై ఒక రికార్డు చేయుచు, తేటగా నుండవలెనను నెపమున వచ్చాడు లోని ఆకారమును రాముడులోని ఆకారమువలె నోరారా తెరచి పలికినచో, వాడు నేర్చునది ఏ యూరిలోను లేని తెలుగు.

రెండవ జాతి వానిని మా కుర్రవానికి నచ్చజెప్పుట సులభమయ్యెను, ఏలయన గోదావరి నోటికి అవి పుట్టువిద్యలు. జపానుభాషలో ఒక పని జరుగుచున్నదని చెప్పుటకు ‘షితె ఇరు’ అందురు. చేయుచు ఉండు అని దాని విడివడిన యర్థము. వాడుకలో అది ‘షితెరు’ అగును. చేయుచు ఉన్నాడు అన్నది చేయుచున్నాడై, చేస్తున్నాడై, మా యూళ్ళలో చేస్తన్నాడైన దారియును ఇదియే కదా! పని ముగిసిపోయినదను భావమునకు ‘తబెతె షిమత్త’ యన్నది ‘తబెచత్త’ యగును; మనకు తినివేసినాడు అన్నది తినేసేడు అయినట్లే. తెలియదను ‘వకరనై’ అన్నమాట ‘వకన్నై’ యగును. “వెళ్ళుచున్నానండి” యని పుస్తకమున చదువుకొని, పాలకొల్లు బస్సులో “ఎల్తన్నానండి” యని విన్న పరదేశి యొకడు ఎట్లు తెల్లబోవునో, నీవును మొన్న అట్లే తెల్లబోతివిరా యనగా, వాడు మొదటిసారి నవ్వెను.

ఈ పాఠపు రికార్డులలో నాకు మిక్కిలి కొరతగా తోచునది మరియొకటి కలదు. అందులో ఒకరు మాటలాడునంతసేపు రెండవవారు రాతిబొమ్మవలె మౌనముగా నుండి, వంతు వచ్చినప్పుడే పెదవి విప్పుదురు. నిజమైన జపాను సంభాషణలో వినువాడు క్షణమైన ఊరకుండడు. హై యనియు, ఎ యనియు, సో దెస్ నె యనియు నడుమనడుమ అందించుచునే యుండును. దీనికి వారు అఇజుచి యని పేరిడిరి. కమ్మరి కొలిమివద్ద ఇద్దరు ఎదురెదుర నిలిచి వంతులవారీగా సమ్మెట వేయుటయని ఆ మాటకు మూలార్థము, దానిని ‘కొట్టుదురు’ అనియే వారి నుడికారము. కథ చెప్పించుకొను పిల్లలు మన యిండ్లలో ఊ ‘కొట్టుట’ లేదా? రెండు దేశముల వారికిని ఇది చేతితో కొట్టు పనివలెనే ఎట్లు తోచినదో నాకంతు చిక్కదు. గోదావరి వాడు ఎదుటివాని ప్రతి వాక్యమునకు “ఆయ్” అనియు “మరేనండి” అనియు తాళము వేయనిదే సంభాషణ నడువదు. అట్టివానికి పాఠపు రికార్డు ఈ ఊకొట్టుటను తుడిచివేసి చూపినచో, వాడు జపాను వృద్ధురాలి యెదుట నోరు మూసుకొని నిలబడును, ఆమె తన మాట వినుటలేదనుకొనును.

ఇన్ని చెప్పి, మరి యేది ముందు వినవలెననిన, సమాధానము వెదకుటకు సముద్రములు దాటనక్కరలేదు, గౌతమీపాయ దాటినచో చాలును. కోనసీమ వేదపండితులకు పేరుపడిన సీమ. ఆంధ్రదేశమున బహుళముగా నున్న తైత్తిరీయశాఖను అచ్చట తరతరములుగ పుస్తకము చేతబట్టక చెవితోనే నేర్చుచు వచ్చిరి. గురువు ఒకమారు పలుకును, శిష్యులు రెండేసి మారులు పలుకుదురు. దానిని సంత చెప్పుట యందురు. అందు మొదట నేర్పునది సంహిత, అనగా సంధులతో, స్వరములతో, ఊపిరి తెగని ప్రవాహముగ నడచు వాడుక పాఠము. ఆ పిమ్మట పదపాఠము. సంధులన్నియు విడదీసి, మాటకు మాట వేరుచేసి పలుకు తేట పాఠము. అటుపైన క్రమము. ఒకటవ పదమును రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జంటకట్టుచు, విడదీసిన దానిని మరల కూర్చుకొనివచ్చు పాఠమది. జట, ఘన దాని విస్తరములు. మనవారు సంహిత యొక్కటే చాలునని పదమును విడిచిరా? పదము తేటగానున్నదని అచ్చటనే నిలిచిరా? ప్రవాహమును ముందు చెవినిండ పోసి, దానినే విప్పి చూపి, విప్పినదానిని తిరిగి ముడివేసిరి. వేదపఠన సంప్రదాయమును యునెస్కో 2003 లో మానవజాతి వారసత్వముగ ప్రకటించినది గాని, అందలి బోధనాక్రమమును భాషల రికార్డులు చేయువారు చూచినట్లు లేదు.

మన దేశమున ఈ వివాదము రికార్డులు రాకమునుపే యొకమారు నడచినది. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో ఉత్తరాంధ్రమునకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్సు దొరకు, బడిలో బోధించు తెలుగు ఒకటియు వీథిలో వినబడు తెలుగు ఒకటియు నేల యుండవలెనను సందేహము కలిగినది. ఆ సందేహము గిడుగు రామమూర్తి పంతులుగారి చేతబడి మహోద్యమమైనది. రామమూర్తిగారు పుస్తకము లేని సవరభాషను సవరల నోటనే విని నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిన మహానుభావులు. చెవి విలువ వారికి తెలిసినట్లు వేరొకరికి తెలియదు. 1919 ఫిబ్రవరిలో మా రాజమహేంద్రవరముననే వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమేర్పడగా, గ్రాంథికమున గ్రంథములెన్నియో వ్రాసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానికి అధ్యక్షత వహించిరి. 1925 లో తణుకున ఆంధ్రసాహిత్యపరిషత్తు సభలో గిడుగువారు నాలుగు గంటలు ప్రసంగించిరి. ఈ సంగతులన్నియు ఎరిగియు నేను గ్రాంథికము విడువలేదేమని మీరడిగినచో నావద్ద సమాధానము లేదు. బాల్యమున పడిన చేతివ్రాతవలె ఇదియును నాకు మారలేదు. అందుచేతనే గాబోలు, తేటమాటను అలవాటు పడినవాడు వాడుకమాట వినబడగానే ఎట్లు బెదరునో నేను లోపలినుండి యెరుగుదును.

కావున మా పిల్లవానితో ఇట్లు చేయించుచున్నాను. జపాను కుటుంబమొకటి ఇంటిలో మాటలాడుకొన్న రికార్డులో ఒక్క నిమిషము తీసుకొని, కాగితము చూడక మూడు దినములు వినుట. నాలుగవ దినమున దానిని మాటమాటగా విప్పి వ్రాసికొని, ఒక్కొక్క మాటను తేటగా పలుకుట. ఆ తరువాత క్రమపాఠమువలె రెండేసి మాటలు జతచేయుచు, షితె, ఇరు అన్న రెండును తన నోటనే షితెరు అగువరకు తిరిగి కూర్చుట. కట్టకడపట మరల మొదటి రికార్డు వినుట. ఒక నిమిషమునకు ఒక వారము పట్టుచున్నది. వేగిరపడు కాలమున ఇది నచ్చనివారుందురు. రికార్డులు చేయువారైనను ఒకే సంభాషణను అదే మనుష్యులచేత రెండు తీరులను పలికించి ప్రక్కప్రక్కన నుంచినచో, ఈ శ్రమలో సగము తగ్గును. ఒక్క తేటపాఠము మాత్రమే అమ్ముచు అదియే జపానుభాష యనుట మాత్రము కొనువానికి చేయు అపకారము.

పరీక్ష పెట్టువారికిని ఈ భేదము తెలియును. 1984 లో మొదలై 2010 నుండి అయిదు మెట్లుగా నడచుచున్న ఆ పరీక్షలో, ఎన్-4 వానికి కొంత నిదానముగ పలికిన సంభాషణ బోధపడిన చాలును. ఎన్-3 కు సహజమునకు దగ్గరి వేగము. ఎన్-1 కు పూర్తి సహజవేగము. మావాడు ఎన్-4 తో వెళ్ళబోవు శరణాలయములోని తొంబదియేండ్ల అవ్వ ఏ మెట్టున మాటలాడునో వేరుగ చెప్పనేల?

పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారమున. ఎన్-4 వినికిడి భాగమునకు 35 నిమిషములు. ప్రతి సంభాషణమును ఒక్కమారే వినిపింతురు.