ప్రజాతంతువు - రాబోవు మానవుడు



గత మార్గశిరమున ఉపన్యాసము ముగిసి తీర్థప్రసాదములు పంచుచుండగా ఒక వృద్ధుడు మా చెంతకు వచ్చి కూర్చుండెను. ఆయన మనుమనికి తొమ్మిదేండ్లు. తలసీమియా అను రక్తవ్యాధి. మూడు వారములకొకమారు ఇతరుల రక్తము ఎక్కించినగాని ఆ బాలుడు నిలువడు. "శాస్త్రులుగారూ, బీజంలో దోషాన్నే దిద్దే వైద్యం వచ్చిందటగదా. ముందుముందు రోగం లేని, మనకంటె తెలివైన మనుషులు పుడతారని పేపర్లో రాశారు. ఇది మా కర్మఫలం. దాన్ని దిద్దబోవడం దైవానికి అడ్డుపడటం కాదా?" అని అడిగెను. ఆనాడు సమయము చాలక రెండు మాటలతో పంపివేసితిమి. ఆ ప్రశ్న మమ్ము విడువలేదు.

మొదట ఒక భ్రమను తొలగించుకొందము. మత్స్యము, కూర్మము, వరాహము, నృసింహుడు, వామనుడు అను వరుసను చూపి, 1859లో డార్విను ప్రకటించిన పరిణామవాదము మన పురాణములందే కలదని వేదికలపై చెప్పువారు పెక్కురు. ఈ పోలికను హాల్డేన్ అను ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు సైతము ప్రస్తావించెను. వినుటకు ఇంపుగనే యుండును గాని మాకు సమ్మతము కాదు. అవతారమనగా దిగివచ్చుట. కూర్మమై దిగివచ్చినవాడు మత్స్యమై దిగివచ్చినవానికంటె అధికుడా? ఇరువురును ఒక్కడే గదా! ఇక పరిణామము నిచ్చెన కాదని జీవశాస్త్రజ్ఞులే చెప్పుచున్నారు. దానికొక గమ్యము లేదు. ఏ చోట, ఏ కాలమున, ఏ లక్షణములు గలవారు బ్రదికి బిడ్డలను పెంచగలిగిరో, ఆ లక్షణములు తరువాతి తరమున అధికమగును. కావున రాబోవు మానవుడు మనకంటె మేలైనవాడు కాకతప్పదని చెప్పుటకు ఆధారము లేదు.

ఆ హాల్డేన్ చెప్పిన వేరొక సంగతి మాత్రము ఆ వృద్ధుని ప్రశ్నకు మిక్కిలి దగ్గరిది. ప్రాణములు తీయు తలసీమియా కొన్ని దేశములలో అంత విరివిగా ఎట్లు నిలిచియున్నది? 1949లో ఆయన చేసిన ఊహ యిది: తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటిగా వచ్చు రెండు బీజాంశములలో ఒక్కటి మాత్రమే చెడినవారు మామూలుగనే బ్రదుకుదురు, పైగా మలేరియా జ్వరమునకు ఇతరులకంటె తక్కువగ బలియగుదురు. రెండును చెడినవారికే వ్యాధి. తరువాతి పరిశోధనలు ఈ ఊహను బలపరచినవి. అనగా, నేడు మనము దోషమనుచున్న ఆ బీజాంశమే దోమలు ముసరిన సీమలలో పూర్వులకు కవచమైనది. ఒక తరపు కవచము ఇంకొక తరపు శాపము! ఇంతకును ఆ హాల్డేన్ 1957లో మన దేశమునకు వచ్చి, 1961లో పౌరసత్వము స్వీకరించి, 1964లో భువనేశ్వరమున దేహము చాలించెను. ఆ దేహమును విద్యార్థుల అధ్యయనము కొరకు మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చివేసెను. నాస్తికుడని పేరుపడినవాడే గాని, ఆ దానమును మేము తక్కువచేసి చెప్పజాలము.

ఇక కర్మ విషయము. బీజభాగము చెడినయెడల దానినుండి ఏర్పడవలసిన అవయవము చెడునని చరకసంహిత శారీరస్థానమున చెప్పబడినది. ఆ సంహితయే విమానస్థానమున దైవమును, పురుషకారమును రెంటిని ఒప్పుకొని, ఆయువు ఆ రెంటి బలాబలములపై ఆధారపడునన్నది. కర్మయని చేతులు ముడుచుకొనుట కర్మసిద్ధాంతము కాదు. వైద్యుడు దొరకుటయు కర్మఫలమే. ఆ వృద్ధుడు వినినది ఈ వ్యాధికి 2023లో బ్రిటనులోను, 2024లో అమెరికాలోను అనుమతి పొందిన చికిత్స. రోగి రక్తమునుండి మూలకణములను తీసి, వాని బీజమును దిద్ది, తిరిగి అతనికే ఎక్కింతురు. ఆ మార్పు అతనితోనే ఆగును, సంతతికి పోదు. దీనియందు ఏ అధర్మమును మాకు కానరాలేదు. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లని విని మాత్రము నోట మాట రాలేదు. తోడబుట్టినవారి మజ్జ సరిపడినచో దానిని మార్పిడి చేయు పద్ధతి మన దేశమునను కలదు.

కాని 2018లో చైనాలో జరిగినది వేరు. ఒక శాస్త్రజ్ఞుడు పిండదశలోనే బీజమును మార్చి కవలపిల్లలను పుట్టించితినని ప్రకటించెను. ఎయిడ్స్ క్రిమి లోనికి చొరబడు ద్వారమును మూయుట ఆయన ఉద్దేశము. ఆ ద్వారము లేనివారికి వెస్ట్‌నైల్ అను మరియొక జ్వరము తీవ్రమగునని అంతకుముందే తెలిసియున్నది. 2019లో అక్కడి న్యాయస్థానము ఆయనకు మూడేండ్ల కారాగారము విధించినది. ఈ మార్పు ఆ బిడ్డల బిడ్డలకును పోగలదు. వారినెవరడిగిరి? తైత్తిరీయ శీక్షావల్లి తల్లిని పూర్వరూపముగను, తండ్రిని ఉత్తరరూపముగను, ప్రజను సంధిగను భావింపుమన్నది. విద్య ముగించిన శిష్యునితో ఆచార్యుడు ప్రజాతంతువును త్రెంపవద్దనెను గాని, దానికి ఇష్టమువచ్చిన రంగు అద్దుమనలేదు.

బుద్ధిశాలుర మాటయు అట్టిదే. మేము అరువదేండ్లుగ చూచుచున్నాము. ఘనాపాఠి కుమారుడైనను మొదటి పనసనుండియే మొదలుపెట్టవలెను. ఒక్క స్వరమైనను రక్తములో దిగిరాదు.

అట్లయిన మానవదేహపు భవిష్యత్తు మన చేతిలో లేదా? ఉన్నది, ప్రయోగశాలలో కాదు, పెండ్లిపీటల దగ్గర. ఈ మాట మావంటివారు చెప్పుట కొందరికి రుచింపదు. గోత్రము తండ్రి వరుసనే పోవును గనుక మేనరికమునకు గోత్రము అడ్డురాదు. బౌధాయన ధర్మసూత్రమున అది దక్షిణదేశపు ఆచారముగ పేర్కొనబడియున్నది. ఆచారమే, కాదనము. కాని ఒకే తాతబామ్మల రక్తము ఇరువైపుల ఉండుటచే, చెడిన బీజాంశము ఇరువురియందును దాగియుండు అవకాశము హెచ్చు. అట్టి దంపతులకు కలుగు ప్రతి గర్భమునందును నాలుగింట ఒక పాలు వ్యాధిభయము. హిమోగ్లోబిన్ భాగములను కొలుచు రక్తపరీక్షతో సామాన్యముగ ఇది ముందే తెలియును. నాడీకూటమి చూచినట్లే దానిని కూడ చూడవలెనని మా అభిప్రాయము. శాస్త్రము దీనిని ఎక్కడను నిషేధింపలేదు.

ఆ వృద్ధుడు ఈ మాసమున మరల వచ్చెను. బాలుని తల్లిదండ్రులదియు మేనరికమేనని అప్పుడు చెప్పెను. సంచిలోనుండి రెండు జాతకములు తీసి మా ముందుంచెను. ఒకటి రెండవ కుమారునిది, ఒకటి తన చెల్లెలి మనుమరాలిది. పొంతన చూడుమనెను. మేము చూడలేదు. ఇరువురి రక్తపరీక్షల కాగితములు తెచ్చిన తరువాత చూచెదమంటిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. "పిల్ల తల్లికి ఏమని చెప్పనండీ?" అనెను. మీ మనుమని పేరు చెప్పుడంటిమి. జాతకములు మరల సంచిలో పెట్టుకొని వెడలెను. ముహూర్తము ఇంకను పెట్టలేదు.