ఎంత దూరం?

గుడ్లవల్లేరులో దారి అడగండి. "అల్లంత దూరం" అంటారు. అది ఎంతో చెప్పేవాళ్ల ఓపికను బట్టి ఉంటుంది!

పెద్దవాళ్లు ఆమడ అనేవారు. దానికీ ఒక్కోచోట ఒక్కో లెక్క. ఇంగ్లీషువాళ్లతో మైలు వచ్చింది. ఆ మాట రోమనుల భాషలో 'వెయ్యి' నుంచి పుట్టింది. కుడికాలు, ఎడమకాలు కలిపి ఒకటిగా, వెయ్యి అడుగులు.

'కిలో' అన్నా వెయ్యే. వెయ్యి మీటర్లు ఒక కిలోమీటరు. 1956లో చట్టం చేశారు. ఆ తర్వాత మెల్లగా మైళ్లు పోయాయి. మైలురాయి అన్న పేరు మిగిలింది.

గుడివాడ పోయే దారిలో రాయి చూడండి. ఊరి పేరు కింద అంకె ఉంటుంది. అంకె తగ్గుతుంటే ఊరు దగ్గర పడుతున్నట్టు. పెరుగుతుంటే ఎదురుదిక్కున పోతున్నట్టు. 8 అని ఉంటే సుమారు 2 గంటల నడక. జ్వరంతో ఉన్న బిడ్డను చంకనెత్తుకుంటే ఇంకా ఎక్కువ.