బ్యాటరీ ట్రాలీ ఆటోకు పక్క మెట్టు బిగిస్తున్నారా? ముందు బ్యాటరీ ఎక్కడుందో చూడండి

కూరగాయలు, పాలు, పూలు మార్కెట్‌కు చేర్చడానికి బ్యాటరీతో నడిచే ట్రాలీ ఆటోలు కొంటున్న చిన్న రైతులు ఇప్పుడు ప్రతి మండలంలోనూ కనిపిస్తున్నారు. డీజిల్ ఖర్చు లేదు, ఇంటి దగ్గరే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. బండి ఇంటికి వచ్చాక చాలామంది చేయించే మొదటి పని, వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి ట్రాలీ పక్కన ఒక ఇనుప మెట్టు వేయించడం. ట్రేలు సర్దేటప్పుడు ప్రతిసారీ టైరు మీద కాలు పెట్టి ఎక్కడం కష్టమే. చీర కట్టుకున్న ఆడవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు మరీ కష్టం. కాబట్టి మెట్టు కావాలనుకోవడంలో తప్పు లేదు. అది ఎక్కడ, దేనికి, ఎలా బిగించారన్నదే అసలు విషయం.

రెండేళ్ల కిందట ఒక టమాటా రైతు సాయంత్రం పూట ఫోన్ చేశాడు. “సార్, కల్వర్టు దగ్గర మలుపు తిప్పుతుంటే పక్క మెట్టు పిట్టగోడకు తగిలింది. మెట్టు లోపలికి వంగింది, బండి మాత్రం నడుస్తోంది. రాత్రికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చా?” అని అడిగాడు. బండి ఎక్కడుందంటే పశువుల కొట్టంలో ఉందన్నాడు. కొట్టం పక్కనే గడ్డివాము. ఛార్జింగ్ పెట్టొద్దని, వెంటనే బండిని ఖాళీ చేలోకి తోయించమని చెప్పాను. మర్నాడు కంపెనీ మెకానిక్ వచ్చి కింద పడుకుని చూస్తే, మెట్టును మోసే యాంగ్లర్ కొస బ్యాటరీ పెట్టె పక్క రేకును నొక్కుకుని ఉంది. రేకు సొట్టపోయింది కానీ చిల్లి పడలేదు. నిప్పు అంటుకోలేదు. ఆ యాంగ్లర్ ఇంకొంచెం లోపలికి వెళ్లి ఉంటే, ఆ రాత్రి ఛార్జింగ్ కూడా పెట్టి ఉంటే, కొట్టంలో నాలుగు పాడి పశువులు ఉన్నాయి. దీని గురించి రాయాలని నాకు అప్పుడే అనిపించింది.

బ్యాటరీ పెట్టెలో ఏముంది?

సరుకు రవాణా బ్యాటరీ ఆటోల్లో ఎక్కువ వాటికి 7 నుంచి 13 యూనిట్ల దాకా కరెంటు పట్టే లిథియం బ్యాటరీ ఉంటుంది. మన 5 హెచ్‌పీ మోటారు దాదాపు రెండు మూడు గంటలు నడిచేంత కరెంటు అది. అంతా ఒక పెట్టెలో, మన కాళ్ల కిందే ఉంటుంది. లోపల వందలకొద్దీ చిన్న సెల్‌లో, కొన్ని పెద్ద సెల్‌లో వరుసగా పేర్చి ఉంటాయి. ప్రతి సెల్‌లో ప్లస్ వైపుకు, మైనస్ వైపుకు మధ్య తల వెంట్రుక కంటే పలుచనైన ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. సెల్‌ను నొక్కినా, పొడిచినా ఆ పొర చిరుగుతుంది. ప్లస్, మైనస్ లోపలే కలుస్తాయి. సెల్ వేడెక్కి, ఆ వేడికి పక్క సెల్ వేడెక్కి, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది. ఇది ఒక్కోసారి వెంటనే జరుగుతుంది. ఒక్కోసారి గంటల తర్వాత, రోజుల తర్వాత కూడా జరుగుతుంది. దెబ్బ తగిలాక బండి మామూలుగానే నడిచింది కదా అని ధీమాగా ఉండకూడదని చెప్పేది ఇందుకే.

ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీలు వేడికి కొంచెం ఎక్కువ తట్టుకుంటాయి. అవి అంటుకోవని కొందరు అమ్మేవాళ్లు చెబుతుంటారు, ఆ మాట నమ్మొద్దు. ఇనుప కొస గుచ్చుకుంటే ఏ లిథియం బ్యాటరీకైనా ప్రమాదమే. మన దేశంలో ఈ తరగతి బండ్ల బ్యాటరీలకు ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణం ఉంది, 2022లో దాన్ని ఇంకా కఠినం చేశారు. అదురు, కుదుపు, మంట, షార్ట్ సర్క్యూట్ వంటి పరీక్షలు అందులో ఉన్నాయి. కానీ ఆ పరీక్షలు కంపెనీ తయారు చేసిన బ్యాటరీకి. తర్వాత మన ఊరి షాపులో దాని పక్కన బిగించిన యాంగ్లర్‌ను ఎవరూ పరీక్షించలేదు.

మెట్టు గునపంలా ఎలా మారుతుంది?

సరుకుతో కలిపి సుమారు ఒక టన్ను బరువున్న ఆటో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దేన్నైనా గుద్దితే, ఆ దెబ్బ బండి మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి కింద పడినంత ఉంటుంది. అంటే ఇంటి స్లాబు మీద నుంచి పడినట్టు. మెట్టు లేని బండికి పక్క నుంచి దెబ్బ తగిలితే అది ముందుగా ట్రాలీ అంచుకు, ఛాసిస్ పట్టీకి, చక్రానికి తగిలి పంచుకుపోతుంది. మెట్టు ఉంటే బయటికి పొడుచుకొచ్చిన మెట్టే ముందు తగులుతుంది. ఆ బలమంతా మెట్టును పట్టుకున్న రెండు యాంగ్లర్ల మీదుగా లోపలికి వెళుతుంది. యాంగ్లర్ లోపలి కొసకు ఎదురుగా బ్యాటరీ ఉంటే, ఆ కొస గునపంలా పనిచేస్తుంది.

చాలామంది రైతులు “మందం యాంగ్లర్ వెయ్యి, గట్టిగా ఉండాలి” అంటారు. ఇక్కడ మాత్రం గట్టిదనం ఎక్కువైతే నష్టమే. మనిషి బరువుకు ఆగాలి, గుద్దితే మాత్రం వంగిపోవాలి లేదా విరిగిపోవాలి. బ్యాటరీ బండ్లకు పక్క మెట్లు తయారు చేసే ఇంజినీర్లు ఆలోచించేదీ ఇదే. గుద్దినప్పుడు మెట్టు బ్రాకెట్ బ్యాటరీలోకి దూరకుండా, దాని కిందకు వంగేలాగానో, ముందే పెట్టిన బలహీనమైన చోట తెగేలాగానో చేస్తారు. మన షాపుల్లో అంత లెక్క కట్టి చేయడం కుదరదు. అందుకే చోటు ఎంచుకోవడంలోనే జాగ్రత్త పడాలి.

అన్నిటికంటే మంచిది: తీసి పెట్టుకునే మెట్టు

మీరు అడిగితే నేను చెప్పేది ఇదే. రెండు మెట్ల ఇనుప స్టూలు ఒకటి చేయించండి. దానికి పైన రెండు కొక్కేలు పెట్టించి, లోడు చేసేటప్పుడు ట్రాలీ వెనక అంచుకు తగిలించండి. కాళ్లు నేల మీద ఆనాలి, బరువంతా నేల మీదే పడాలి. పని అయ్యాక తీసి ట్రాలీలో వేసి తాడుతో కట్టండి. బండి కదిలేటప్పుడు పక్కన మెట్టే ఉండదు, కాబట్టి గుద్దుకునేదీ ఉండదు. వెల్డింగ్ అక్కర్లేదు, బండికి రంధ్రాలు పడవు. పొలం గట్లు దాటేటప్పుడు కింద తగిలేదీ ఏమీ ఉండదు.

శాశ్వతంగా ఉండే మెట్టే కావాలంటే మొదట మీ డీలర్‌ను అడగండి. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చేది ఉంటే అదే తీసుకోండి. లేకపోతే ట్రాలీ వెనక భాగంలో అమర్చుకునే వీలుందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. ఎక్కువ మోడళ్లలో బ్యాటరీ డ్రైవరు సీటు కిందో ట్రాలీ మధ్యలోనో ఉంటుంది కాబట్టి వెనక అంచు దానికి దూరంగా ఉంటుంది. నంబరు ప్లేటు, వెనక లైట్లు మూయకూడదు.

పక్కనే పెట్టక తప్పదంటే, బండి కింద టార్చిలైటు వేసి బ్యాటరీ పెట్టె ముందు అంచు, వెనక అంచు ఎక్కడున్నాయో సుద్దముక్కతో ట్రాలీ పక్క రేకు మీద గీతలు గీయండి. ఆ రెండు గీతల మధ్య ఒక్క బ్రాకెట్ కూడా రాకూడదు. మెట్టును ఛాసిస్ పట్టీకే బిగించాలి. బ్యాటరీ పెట్టెకు గానీ, పెట్టెను మోసే ట్రేకు గానీ, దాని బోల్టులకు గానీ తగిలించకూడదు. పెట్టె బోల్టు ఖాళీగా, అందుబాటులో కనిపిస్తుంది కాబట్టి వెల్డరుకు అదే సులువుగా తోస్తుంది. మీరు దగ్గరుండి చూసుకోవాలి. కొందరు బ్రాకెట్‌ను బ్యాటరీ కంటే కిందికి దించుతారు. అప్పుడు గుద్దుడు సంగతి కొంత మెరుగే కానీ, గట్టు మీదో రాయి మీదో తగిలి మెట్టు పైకి లేచి పెట్టె అడుగును పొడిచే ప్రమాదం ఉంది. పొలం దారుల్లో తిరిగే బండికి అది పనికిరాదు. బిగించాక ఇద్దరు మనుషులు మెట్టు మీద నిలబడి ఊగి చూడాలి. బ్రాకెట్ వైర్లకు గానీ పెట్టెకు గానీ తాకకూడదు.

బండి మీద వెల్డింగ్ వద్దు

మెట్టును బయట తయారు చేయించి నట్టు బోల్టులతో బిగించుకోవాలి. బండికే నేరుగా వెల్డింగ్ చేస్తే నిప్పురవ్వలు, వేడి బ్యాటరీ పక్కనే పడతాయి. వెల్డింగ్ కరెంటు ఛాసిస్ గుండా తిరిగి కంట్రోలర్‌నూ, బ్యాటరీలోని రక్షణ బోర్డునూ పాడుచేయవచ్చు. ఆ బోర్డు పాడైన సంగతి మనకు పైకి తెలియదు. ఛార్జింగ్ ఎక్కువైనప్పుడు ఆపాల్సింది అదే. ఛాసిస్‌కు కొత్త రంధ్రాలు వేయడం కూడా మంచిది కాదు, ఉన్న రంధ్రాలకే సరిపోయేలా బ్రాకెట్ చేయించాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అంతకంటే రైతుకు నొప్పి కలిగించేది బ్యాటరీ వారంటీ, బీమా. మార్పు చేశారన్న సాకుతో రెండు చోట్లా పేచీ వస్తుంది. తీసి పెట్టుకునే స్టూలుకు ఈ గొడవ లేదు. ఇంకో మాట, మెట్టు ఉంది కదా అని కూలీలను దాని మీద నిలబెట్టి తీసుకెళ్లడం ఏ బండికైనా ప్రాణాంతకమే.

మెట్టుకు దెబ్బ తగిలితే

బండి నడుస్తున్నా సరే, ఇంటి లోపలికి, కొట్టంలోకి, గడ్డివాము దగ్గరికి తీసుకురావద్దు. ఆరుబయట, ఇళ్లకు దూరంగా నిలిపి మెయిన్ స్విచ్ ఆపేయండి. మెకానిక్ కింద నుంచి చూసి బాగుందని చెప్పేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు. వంగిన మెట్టును సుత్తితో కొట్టి, గడ్డపారతో తన్ని సరిచేయడానికి ప్రయత్నించొద్దు, కొస లోపలే ఉండవచ్చు. పెట్టె దగ్గర తీపి వాసనో ఘాటు వాసనో వచ్చినా, బుసబుసమనే శబ్దం, పొగ వచ్చినా అందరూ దూరంగా గాలికి ఎదురు దిక్కున నిలబడి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఆ పొగ విషం. ఇసుక, గోనెసంచులతో ఇది ఆరదు. చాలా నీళ్లు, చాలాసేపు పోసి చల్లార్చాలి. అది ఫైర్ సిబ్బంది చేయాల్సిన పని.

మిగతా బండ్లకు కూడా లెక్క ఇదే. సీఎన్‌జీ ట్రాలీల్లో సిలిండరు 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. దాని కవాటం, పైపుల ఎదురుగా బ్రాకెట్ రాకూడదు. ఆ సిలిండరుకు మూడేళ్లకోసారి చేయించాల్సిన పరీక్షను కూడా మరవొద్దు. డీజిల్ మినీ ట్రక్కుల్లో ట్యాంకు పక్కనే ఉంటుంది. ట్యాంకు పట్టీలకు మెట్టు తగిలించడం చాలాచోట్ల చూశాను. కొన్ని ట్రాక్టర్లలో బ్యాటరీ పెట్టె ఎక్కే మెట్టు దగ్గరే ఉంటుంది. అక్కడ మెట్టు వంగి బ్యాటరీ కొనలకు తాకితే రవ్వలు వస్తాయి, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు అక్కడ హైడ్రోజన్ వాయువు ఉంటుంది.

ఇప్పటికే పక్క మెట్టు ఉన్న రైతులు ఈ వారంలో ఒకసారి బండి కిందికి వంగి చూడండి. బ్రాకెట్ కొస బ్యాటరీకి ఎదురుగా ఉంటే, బోల్టులతో బిగించింది అయితే విప్పేయండి. వెల్డింగ్ చేసింది అయితే గ్యాస్ కటింగ్, గ్రైండర్ పెట్టించకుండా డీలరు సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లి, బ్యాటరీ దించాకే కోయించండి.