Harris Shutter కాదు.. హారిస్ షట్టర్: మూడు క్లిక్కులు, ఒకే ఫొటో.. కదిలే పొగకు, నీళ్లకు రంగులు ఎలా వస్తాయంటే?

కొండ మామూలుగానే ఉంటుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది. కానీ పైన కదిలే మబ్బు మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులుగా విడిపోయి కనిపిస్తుంది. సోషల్ మీడియాలో ఇలాంటి ఫొటోలు చూసే ఉంటారు. చాలామంది ఇది ఏఐ పని అనుకుంటారు. నిజానికి ఈ టెక్నిక్ వెనకున్న సూత్రానికి 160 ఏళ్లు దాటాయి. చేతిలో ఫోన్, ఒక స్టాండ్ ఉంటే ఎవరైనా ట్రై చేయొచ్చు. ఎలాగో చూద్దాం.

అసలు ఏంటిది?

మనం చూసే కలర్ ఫొటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరలతో తయారవుతుంది. మామూలుగా కెమెరా ఈ మూడింటినీ ఒకే క్షణంలో పట్టుకుంటుంది. అలా కాకుండా ఒక్కో రంగును కొన్ని సెకన్ల తేడాతో తీసి, తర్వాత కలిపితే? కదలని వస్తువు దగ్గర మూడు పొరలూ సరిగ్గా ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. దాని రంగు అలాగే ఉంటుంది. కదిలేది మాత్రం మూడు చోట్ల మూడు రంగుల్లో పడుతుంది. అంతే, కిటుకు ఇదే.

కొడాక్ సంస్థలో పనిచేసిన రాబర్ట్ హారిస్ పేరు మీద దీన్ని 'హారిస్ షట్టర్' అంటారు. మూడు రంగుల ఫిల్టర్లను వరుసగా అతికించిన పట్టీ లెన్స్ ముందు నుంచి కిందికి జారేలా ఆయన ఏర్పాటు చేశారు.

1861లోనే మొదలు

స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1861లో లండన్‌లో రంగుల రిబ్బన్ ఫొటోను ఇలాగే ప్రదర్శించారు. వేర్వేరు ఫిల్టర్లతో తీసిన నలుపు తెలుపు చిత్రాలను మళ్లీ అవే రంగుల వెలుగుతో తెరపై కలిపి చూపించారు. 1900ల తొలినాళ్లలో రష్యా ఫొటోగ్రాఫర్ సెర్గీ ప్రొకుడిన్-గోర్‌స్కీ ఇదే పద్ధతిలో దేశమంతా తిరిగి ఫొటోలు తీశారు. ఆయన చిత్రాల్లో నదుల నీళ్లపై రంగుల చారలు కనిపిస్తాయి. ఆయనకు అది లోపం. ఇప్పటివాళ్లకు అదే ఎఫెక్ట్!

లక్డారం లాంటి చోట ఏం తీయొచ్చు?

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని లక్డారం చుట్టుపక్కల క్వారీలు, క్రషర్లు ఉన్నాయి. దగ్గర్లోనే 65వ నంబర్ జాతీయ రహదారి. రాయి కదలదు. దుమ్ము, పొగ, లారీలు, నీళ్లు కదులుతాయి. ఈ టెక్నిక్‌కు కావాల్సింది సరిగ్గా ఇదే.

ఏ బ్యాక్‌గ్రౌండ్ ముందు ఏం కదులుతోందన్నది ముఖ్యం. నల్లటి రాతి ముందు తెల్లటి దుమ్ము లేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్పష్టంగా పడతాయి. తెల్లటి దుమ్ము రోడ్డుపై ముదురు రంగు లారీ వెళ్తే రివర్స్ అవుతుంది. లారీ ఒక్కో రంగును అడ్డుకుంటుంది కాబట్టి లేత నీలం, గులాబీ, పసుపు వస్తాయి. నీలాకాశంలో తెల్లమబ్బు తీస్తే నీలం పొర పెద్దగా కనిపించదు. ఆకాశంలో ఆ రంగు ముందే ఉంది కదా!

ఎలా తీయాలి?

* ఫోన్ లేదా కెమెరాను స్టాండ్‌పై కదలకుండా పెట్టాలి. టైమర్ వాడితే ఇంకా మంచిది.
* ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయాలి. ఆటోలో వదిలేస్తే మూడు ఫొటోల వెలుగు మారి కొండకు కూడా రంగు అంటుకుంటుంది.
* మూడు మామూలు కలర్ ఫొటోలు తీయాలి. పారే నీళ్లకు ఒకటి రెండు సెకన్ల గ్యాప్ చాలు. నెమ్మదిగా కదిలే మబ్బులకు అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగాలి.
* ఫొటోషాప్‌లో గానీ, ఉచితంగా దొరికే గింప్‌లో గానీ మొదటి ఫొటో నుంచి ఎరుపు, రెండో దాన్నుంచి ఆకుపచ్చ, మూడో దాన్నుంచి నీలం ఛానల్ తీసుకుని కలపాలి.

కొన్ని కెమెరాల్లో మల్టిపుల్ ఎక్స్‌పోజర్ ఆప్షన్ ఉంటుంది. దాంతో అయితే లెన్స్ ముందు మూడు రంగుల ఫిల్టర్లు ఒక్కోసారి ఒక్కోటి పెట్టాలి. ఫిల్టర్ వెలుగును తగ్గిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ పెంచుకోవాలి.

ఒక్క మాట. నీళ్లు నిండిన క్వారీ గుంతల అంచుకు వెళ్లొద్దు. లోతు తెలియదు, మట్టి జారుతుంది. బ్లాస్టింగ్ జరిగే చోటికి అసలే వెళ్లొద్దు. దూరం నుంచి జూమ్‌లో తీసుకోవడమే సేఫ్.

శాటిలైట్లలోనూ ఇదే సూత్రం

హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అందించే ఉపగ్రహ చిత్రాలు కూడా విడివిడి రంగుల పొరలను కలిపి చేసినవే. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ను ఎరుపుగా చూపిస్తే పచ్చటి పొలాలు ఎర్రగా కనిపిస్తాయి. యూరప్‌కు చెందిన సెంటినెల్-2 చిత్రాల్లో ఎగిరే విమానాలు మూడు రంగుల నీడల్లా పడతాయి. ఒక్కో రంగును కాస్త తేడాతో తీయడమే కారణం.

ఈ రంగు సాక్ష్యం కాదు

ఇది పటాన్‌చెరు బెల్ట్‌లో తీసేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సిన విషయం. ఇక్కడ నీళ్ల రంగు అంటే కేవలం అందం కాదు. నక్కవాగు కాలుష్యంపై గ్రామాలు దశాబ్దాలుగా పోరాడాయి. 1990లోనే ఇక్కడి కాలుష్యంపై సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైంది. అలాంటి చోట అలలపై ఎరుపు, ఆకుపచ్చ మెరిసే ఫొటోను వివరం లేకుండా పోస్ట్ చేస్తే ఏమవుతుంది? 'చెరువులో కెమికల్స్ వదిలారు' అంటూ వైరల్ అవుతుంది. రేపు నిజంగానే నీళ్ల రంగు మారిందని ఎవరైనా ఫొటో పెడితే, 'ఇది కూడా ఎడిటింగే' అని కొట్టిపారేసే వీలు దొరుకుతుంది. నష్టపోయేది ఆ నీళ్లమీద బతికే ఊరే.

అందుకే ఎఫెక్ట్ ఫొటో పెట్టేటప్పుడు 'మూడు ఎక్స్‌పోజర్లు కలిపినది' అని క్యాప్షన్‌లోనే రాయాలి. మూడు ఒరిజినల్ ఫైళ్లు డిలీట్ చేయకుండా దాచుకోవాలి. కాలుష్యంపై ఫిర్యాదు చేయాలంటే ఏ ఫిల్టర్ లేని మామూలు ఫొటో, తేదీ, సమయం, లొకేషన్‌తో తీయాలి. ఫ్రేమ్‌లో ఒక తెల్ల కాగితం ఉంటే అసలు రంగు పోల్చుకోవడం తేలిక. అయినా ఫొటో నీళ్లలో ఏముందో చెప్పదు. అది తేల్చేది శాంపిల్ టెస్టే. ఫిర్యాదును తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వొచ్చు.

ఈ ఫొటోలో రంగు చెప్పేది ఒక్కటే.. ఆ కొన్ని సెకన్లలో అక్కడ ఏది కదిలిందో. అంతకుమించి దాన్నుంచి ఏదీ తేల్చలేం.