వేంసూరు ఇంటికి 15 వేల ట్యాబ్ సరిపోతుందా, 35 వేలది కావాలా?

ఖమ్మం జిల్లాలో వేంసూరు మండలం చివరాఖరి మండలం. దాటితే ఆంధ్రప్రదేశ్. అటు తిరువూరు, చాట్రాయి వైపు చాలామందికి చుట్టాలున్నారు. 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. అంటే పండక్కి అటు వెళ్లిన మన పిల్లలకు అక్కడి బావ చేతిలోనో, వదిన చేతిలోనో ట్యాబ్ కనపడింది. ఇటు తెలంగాణలో కావాలంటే మనమే కొనుక్కోవాలి.

సరే, కొందామని ఫోన్‌లో వెతికితే 5 వేల నుంచి 50 వేల దాకా ఉన్నాయి. షాపులో అడిగితే "ఇంకొంచెం పెట్టండి, మంచిది వస్తుంది" అంటారు. ఆ "ఇంకొంచెం" ఎక్కడ ఆపాలి? ఊళ్లో ఉండే, పిల్లల చదువు కోసం కొనే ఇంటి కోణంలో ఈ లెక్క చూద్దాం.

చౌక ట్యాబ్ అంటే భయం ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి మన హైదరాబాద్‌తోనే సంబంధం ఉంది. 2011 అక్టోబర్ 5న కేంద్ర ప్రభుత్వం 'ఆకాశ్' ట్యాబ్‌ని విడుదల చేసింది. డేటావిండ్ కంపెనీది. హైదరాబాద్‌లోనే తయారైంది. ప్రభుత్వానికి పడిన ధర సుమారు 2,250 రూపాయలు. ప్రపంచంలోనే అతి చౌక ట్యాబ్ అని అప్పట్లో పెద్ద వార్త.

లోపల ఉన్నది చూస్తే: 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ, 7 అంగుళాల రెసిస్టివ్ టచ్. రెసిస్టివ్ అంటే వేలు ఆనిస్తే చాలదు, నొక్కాలి. తర్వాతి ఏడాది వచ్చిన ఆకాశ్ 2లో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, ఇప్పటి ఫోన్లలో ఉండే కెపాసిటివ్ టచ్ పెట్టారు. కానీ "చౌక ట్యాబ్ పని చెయ్యదు" అనే పేరు అప్పటికే పడిపోయింది.

మరి 2022లో ఆంధ్రప్రదేశ్ పంచినది ఏమిటి? శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్. 8.7 అంగుళాల స్క్రీన్, 3 జీబీ ర్యామ్. 2021లో మన మార్కెట్లోకి వచ్చినప్పుడు వైఫై మోడల్ 11,999, సిమ్ మోడల్ 14,999 రూపాయలు. అంటే అదీ బడ్జెట్ ట్యాబే. ఆండ్రాయిడ్ 11తో వచ్చి ఆండ్రాయిడ్ 14 దాకా అప్‌డేట్లు అందుకుంది. ఆకాశ్‌కి, దీనికి మధ్య పదేళ్ల తేడా. కాబట్టి 2011 నాటి భయంతో ఇప్పటి 12 నుంచి 16 వేల ట్యాబ్‌ని కొట్టిపారేయక్కర్లేదు.

ముందు ధరని కూలి రోజుల్లో చూడండి

2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. ఈ లెక్కన చూద్దాం. కింద ఇచ్చినవన్నీ విడుదల నాటి ధరలు. ఆఫర్లను బట్టి ఇప్పుడు కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

- రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ 4జీ (2024 జులై), 8.7 అంగుళాలు, సిమ్ ఉంది: 10,999 రూపాయలు. దాదాపు 36 రోజుల కూలి.
- రెడ్‌మీ ప్యాడ్ 2 (2025 జూన్), 11 అంగుళాలు, సిమ్ ఉన్నది, 6 జీబీ ర్యామ్: 15,999 రూపాయలు. 52 రోజుల కూలి.
- షావోమీ ప్యాడ్ 7 (2025 జనవరి), 11.2 అంగుళాలు, వైఫై మాత్రమే: 27,999 రూపాయలు. 91 రోజుల కూలి.
- ఐప్యాడ్ ఏ16 (2025 మార్చి), వైఫై మాత్రమే, 128 జీబీ: 34,900 రూపాయలు. 114 రోజుల కూలి.

ఈ కూలి లెక్కన 100 రోజుల పని అంటే 30,700 రూపాయలు. ఐప్యాడ్ ధర దానికన్నా ఎక్కువ. మామిడి తోటో, పామాయిల్ తోటో ఉన్న ఇంటికి ఈ లెక్క వేరేగా ఉండొచ్చు. కానీ ఏ ఇంట్లోనైనా 35 వేలు పెట్టేటప్పుడు "అదనంగా పెట్టిన 19 వేలకి మా ఇంట్లో ఏం మారుతుంది?" అని అడగాల్సిందే.

అసలు ప్రశ్న: పగలు ఫోన్ ఎక్కడుంటుంది?

రివ్యూల్లో ప్రాసెసర్ గురించి పేరాలు పేరాలు రాస్తారు. ఊళ్లో ఇంటికి అంతకన్నా ముఖ్యమైనది సిమ్ స్లాట్.

వైఫై మోడల్ కొంటే నెట్ ఎక్కడి నుంచి రావాలి? ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే నాన్న ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టాలి. నాన్న పొద్దున్నే తోటకి వెళ్తే ఫోనూ తోటకే వెళ్తుంది. సెలవు రోజు పిల్లాడు ఇంట్లో ఖాళీగా ఉన్న టైమ్‌లోనే ట్యాబ్‌కి నెట్ ఉండదు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ ఇంటికొస్తే, అప్పటికి దాని చార్జింగూ అయిపోయి ఉంటుంది, ఆ రోజు డేటా కూడా సగం అయిపోయి ఉంటుంది.

ఇక్కడే ధరల్లో తమాషా ఉంది. రెడ్‌మీ ప్యాడ్ 2 వైఫై మోడల్ 13,999. సిమ్ మోడల్ 15,999. రెండు వేలు ఎక్కువ పెడితే సిమ్‌తో పాటు ర్యామ్ కూడా 4 నుంచి 6 జీబీ అవుతుంది. అదే ఐప్యాడ్‌లో వైఫై మోడల్ 34,900 అయితే, మొబైల్ నెట్ ఉన్నది 49,900. అంటే ఒక్క ఆ సౌకర్యానికే 15 వేలు. షావోమీ ప్యాడ్ 7లో అయితే సిమ్ మోడలే లేదు.

సిమ్ అంటే నెలనెలా రీచార్జ్ కూడా ఉంటుంది, అది మర్చిపోకండి. నెలకి 200 రూపాయలు అనుకున్నా ఏడాదికి 2,400. రెండేళ్లకి దాదాపు 5 వేలు. ట్యాబ్ బడ్జెట్ వేసుకునేటప్పుడే దీన్నీ కలుపుకోండి. 20 వేలు ఉంటే మొత్తం ట్యాబ్ మీదే పెట్టకుండా, 16 వేల ట్యాబ్ తీసుకుని మిగతాది రీచార్జ్‌కి ఉంచుకోవడం మేలు.

రెండోది: మెమరీ కార్డు

ఆంధ్రప్రదేశ్ పంచిన ట్యాబ్‌ల్లో పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. నెట్ లేకపోయినా చూసుకోవచ్చు. ఆ పాఠాలు ఇచ్చిన బైజూస్ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒకే కంపెనీ యాప్‌ని నమ్ముకుని ట్యాబ్ కొనకూడదు అనడానికి ఇది చాలు. కానీ "పాఠం ట్యాబ్‌లోనే ఉండాలి, నెట్ మీద ఆధారపడకూడదు" అన్న పద్ధతి మాత్రం మన ఊళ్లకి సరైనది.

మీరూ అలా చేసుకోవచ్చు. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి కొవిడ్ టైమ్ పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చాయి కదా. టీ-శాట్ యాప్, యూట్యూబ్ చానల్ ఉన్నాయి. కేంద్రం వాళ్ల దీక్ష యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఇవి ఉచితం.

లెక్క చూడండి. 480పీ క్వాలిటీలో గంట వీడియోకి సుమారు అర జీబీ పడుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాన్ ఉంటే మూడు గంటల వీడియో. 100 జీబీ ఖాళీ ఉంటే 200 గంటల పాఠాలు దాచుకోవచ్చు. సిగ్నల్ బాగున్నప్పుడు దించుకుని, కరెంటు పోయినప్పుడు, సిగ్నల్ లేనప్పుడు చూసుకోవచ్చు.

ఇక్కడా పైన చెప్పిన తమాషాయే. రెడ్‌మీ ట్యాబ్‌లు రెండింట్లోనూ మెమరీ కార్డు స్లాట్ ఉంది. షావోమీ ప్యాడ్ 7లో లేదు, ఐప్యాడ్‌లో లేదు. ఊళ్లో ఇంటికి ఎక్కువగా పనికొచ్చే రెండు సౌకర్యాలు, సిమ్, కార్డు, చౌక ట్యాబ్‌లోనే దొరుకుతున్నాయి.

మరి ఖరీదైన దాంట్లో ఏం వస్తుంది?

వస్తుంది, కాదనడం లేదు. షావోమీ ప్యాడ్ 7లో స్నాప్‌డ్రాగన్ 7 ప్లస్ జెన్ 3 ప్రాసెసర్, 144 హెర్ట్జ్ స్క్రీన్. రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టినా తడబడదు. ఐప్యాడ్‌లో యాప్‌లు నున్నగా నడుస్తాయి, అప్‌డేట్లు చాలా ఏళ్లు వస్తాయి. 2019లో వచ్చిన 7వ తరం ఐప్యాడ్‌కి 2024లో ఐప్యాడ్ఓఎస్ 18 కూడా అందింది.

ఈ తేడా ఎవరికి తెలుస్తుంది? పెన్నుతో రోజూ నోట్స్ రాసే ఇంజినీరింగ్, మెడికల్ విద్యార్థికి. బొమ్మలు వేసేవాళ్లకి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి. హాస్టల్‌లోనో, కాలేజీలోనో వైఫై ఉంటుంది కాబట్టి వాళ్లకి సిమ్ లేకపోయినా నడుస్తుంది. కాకపోతే పెన్ను ధర కూడా కలుపుకోండి. యూఎస్‌బీ-సీ ఆపిల్ పెన్సిల్ విడుదల ధరే 7,900.

8వ తరగతి పాపకి పాఠం వీడియో, పీడీఎఫ్, ఒక డిక్షనరీ యాప్, వారానికో సినిమా. ఈ నాలుగింటికి 28 వేల ప్రాసెసర్ చేసేది, 16 వేల ప్రాసెసరూ చేస్తుంది. యాప్ తెరుచుకోవడానికి ఒకటి రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

చదవడానికి మాత్రం స్క్రీన్ చూసుకోండి. 8.7 అంగుళాల ట్యాబ్‌లో 1340×800 అంటే అంగుళానికి దాదాపు 179 చుక్కలు. తెలుగు ఒత్తులు, గుణింతాలు చిన్న సైజులో కొంచెం మసకగా కనపడతాయి. పాఠ్యపుస్తకం పేజీ మొత్తం ఒకేసారి చదవాలంటే జూమ్ చెయ్యాలి. 11 అంగుళాల రెడ్‌మీ ప్యాడ్ 2లో 2560×1600, అంగుళానికి 274 చుక్కలు. ఈ విషయంలో ఐప్యాడ్‌కి ఏమీ తీసిపోదు. 11 వేలకి, 16 వేలకి మధ్య తేడా పెట్టడం నష్టం కాదని మేం అనేది ఇందుకే.

ఏడాదికి ఎంత పడుతుంది?

16 వేల ట్యాబ్ మూడేళ్లు వస్తే ఏడాదికి 5,333 రూపాయలు. నాలుగేళ్లు వస్తే 4 వేలు. 34,900 ఐప్యాడ్ ఆరేళ్లు వస్తే ఏడాదికి 5,817. చూడటానికి దాదాపు సమానం. కానీ ఐప్యాడ్ ఆరేళ్లు నిలవాలి, అదీ పిల్లల చేతిలో. రెండో ఏడు అరుగు మీద నుంచి జారి స్క్రీన్ పగిలితే ఒక్కసారిగా పోయేది 35 వేలు. రిపేర్‌కి ఊరు దాటి వెళ్లాలి, ఒక రోజు పని పోతుంది. అందుకే ఏది కొన్నా మంచి కవర్, గ్లాస్ వెయ్యి రూపాయల్లో తీసుకోండి.

ఇక పేరు తెలియని కంపెనీల 6 వేల ట్యాబ్ ఏడాదికే మూలన పడితే ఏడాదికి 6 వేలు. అంటే ఐప్యాడ్ కన్నా ఖరీదు!

మరీ చౌకవాటితో జాగ్రత్త

"10 అంగుళాలు, 5జీ, 12 జీబీ ర్యామ్, 4,999 మాత్రమే" అనే ప్రకటనలు చూసే ఉంటారు. ఆ 12 జీబీలో చాలాసార్లు అసలు ర్యామ్ 3 లేదా 4 జీబీ, మిగతాది స్టోరేజీ నుంచి తీసుకున్న వర్చువల్ ర్యామ్. కొనేముందు ఇవి చూడండి:

- ట్యాబ్‌లకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద ఉన్న నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు కలవాలి.
- అసలు ర్యామ్ 4 జీబీ కన్నా తక్కువైతే వద్దు. స్టోరేజీ 128 జీబీ ఉంటే మేలు.
- వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో అడగండి. లేకపోతే ఓటీటీ యాప్‌ల్లో వీడియో 480పీ దగ్గరే ఆగిపోతుంది.
- సత్తుపల్లిలో గానీ, ఖమ్మంలో గానీ ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా అని కంపెనీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. షాపువాళ్ల మాట మీద వదిలెయ్యకండి.
- సిమ్ ఉన్న ట్యాబ్ అయితే, మీ ఇంట్లో ఏ నెట్‌వర్క్ సిగ్నల్ బాగుందో ముందు ఫోన్‌లో చూసుకుని, ఆ సిమ్మే తీసుకోండి.

చివరగా మా మాట

బడి పిల్లల కోసం, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేని ఊళ్లో కొంటుంటే 15-16 వేలలో సిమ్, కార్డు స్లాట్ ఉన్న 11 అంగుళాల ట్యాబ్ తీసుకోండి. అంత లేకపోతే 11 వేలలో పేరున్న కంపెనీ 8.7 అంగుళాల 4జీ ట్యాబ్ నడుస్తుంది, చదవడానికి కొంచెం ఓపిక కావాలి. 8 వేల లోపు అయితే ట్యాబ్ ఆలోచన మానుకుని, ఆ డబ్బుతో ఇంట్లో ఉండేలా ఒక చిన్న ఫోన్ కొనడమే నయం. 28 వేలు దాటి పెట్టేది పెన్నుతో రోజూ పని ఉన్నవాళ్లు, వైఫై ఉన్నచోట ఉండేవాళ్లు మాత్రమే.

షాపులో "ఇంకొంచెం పెట్టండి" అన్నప్పుడు ఒక్క మాట అడగండి: "ఆ ఇంకొంచానికి సిమ్ వస్తుందా, కార్డు వస్తుందా?" రెండూ రాకపోతే, ఆ డబ్బు రీచార్జ్‌కి ఉంచుకోండి.