రోబోకు ప్రయాణపు పెట్టె

మామిడిపళ్లను దూరపు ఊరికి పంపేటప్పుడు బుట్టలో ఎండుగడ్డి ఎందుకు పరుస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? పండు నలగకుండా ఉండడానికి అంటారు మీరు. నిజమే. కాని ఆ గడ్డి చేసే పని ఏమిటి? ఈ ప్రశ్నను సరిగా పట్టించుకోకే ఒకసారి మా బడి పిల్లలూ నేనూ చిక్కుల్లో పడ్డాం.

మా పిల్లలు నలుగురు కలిసి, నల్లగీత వెంట నడుస్తూ అడ్డొచ్చిన డబ్బాను పక్కకు పెట్టే చిన్న రోబోను తయారుచేశారు. నాలుగు నెలల శ్రమ అది. విజయవాడలో రాత్రి రైలెక్కి, తెల్లవారి సికింద్రాబాదులో దిగాం. రోబోను అట్టపెట్టెలో ఉంచి, చుట్టూ పాత పేపర్లు కూరి, పైన తాడు బిగించాం. పోటీ జరిగే చోట పెట్టె విప్పితే ఏముంది! ఒక చక్రం వదులై ఊగుతోంది. మోటారు తీగ ఒకటి ఊడి వేలాడుతోంది. రెండు నట్లు పెట్టె అడుగున దొరికాయి. మూడోది దొరకనే లేదు. అన్నీ సరిచేసుకునేసరికి మా వంతు దాటిపోయింది. రోబో బాగానే ఉంది, సర్దడమే మాకు చేతకాలేదు.

ఎవరూ తిప్పకుండా నట్టు ఎలా వదులైంది? ఒక కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించి పెన్సిలుకు చుట్టి చూడండి. త్రిభుజపు ఏటవాలు అంచు మరచుట్టులా కనిపిస్తుంది. అంటే బోల్టు మర నిజానికి చుట్టిన వాలుతలమే! నట్టు ఆ వాలు మీద కూర్చుని ఉంది. జారిపోకుండా దాన్ని పట్టి ఉంచేది ఘర్షణ. రైలు కుదుపులకు ఆ పట్టు క్షణకాలం సడలుతుంది. ఆ క్షణంలో నట్టు పిసరంత తిరుగుతుంది. రాత్రంతా ఇలా జరిగితే పిసరంత కాస్తా పూర్తి చుట్టు అవుతుంది. ఇప్పుడు చాలాచోట్ల పట్టాలను అతికించి పొడుగు చేశారు కనుక పాతకాలపు టకటక తగ్గింది కాని, కంపనం పోలేదు.

దీనికి లోపల నైలాను ఉంగరం ఉన్న నట్లు వాడడం మంచిది. అవి దొరక్కపోతే నట్టును బిగించాక నట్టు మీదుగా పక్క రేకు మీదికి గోళ్లరంగుతో ఒక గీత గీయండి. దిగిన వెంటనే చూస్తే, గీత తెగి పక్కకు జరిగిన నట్టే వదులైన నట్టు. ఈ ఉపాయం మా తొమ్మిదో తరగతి అమ్మాయిదే, నాది కాదు.

ఇక గడ్డి సంగతి. రెండు కిలోల రోబో ఉన్న పెట్టె మీటరు ఎత్తునుంచి జారి పడిందనుకోండి. గట్టి నేల మీద అది 2 మిల్లీమీటర్లలో ఆగితే, దాని మీద పనిచేసే సగటు బలం దాని బరువుకు సుమారు 500 రెట్లు ఉంటుంది. పడిన ఎత్తును ఆగడానికి పట్టిన దూరంతో భాగించడమే ఇక్కడి లెక్క. 500 రెట్లంటే టన్ను బరువు మోపినట్టే! అదే రోబో 4 సెంటీమీటర్లు అణిగే స్పాంజి మీద పడితే ఆ బలం 25 రెట్లకు, అంటే 50 కిలోల బరువుకు దిగుతుంది. గడ్డి దెబ్బను మింగేయదు; ఆగడానికి దూరం ఇస్తుంది. మేము కూరిన పేపర్లు మొదటి కుదుపులకే అణిగిపోయి మళ్లీ లేవలేదు. తరువాతి దెబ్బలకు ఇక దూరం ఎక్కడిది? మరీ మెత్తని స్పాంజితోనూ ఇదే ఇబ్బంది: రోబో బరువుకే అది అడుగంటుతుంది. 1997 జూలై 4న పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగినప్పుడు కూడా సూత్రం ఇదే. గాలిసంచుల నడుమ అది కనీసం 15 సార్లు ఎగిరిపడింది. లోపలున్న సోజర్నర్ అనే చిన్న బండి క్షేమంగా బయటికి వచ్చి నడిచింది.

మరొక పొరపాటు కూడా చేశాం. రోబోను చక్రాల మీదే నిలబెట్టాం. అందువల్ల ప్రతి కుదుపూ చక్రం నుంచి ఇరుసుకూ, ఇరుసు నుంచి మోటారు పళ్లచక్రాలకూ చేరింది. చట్రం కింద రెండు చెక్కముక్కలు పెట్టి చక్రాలు గాలిలో ఉండేలా చూడాలి.

సర్క్యూట్ బోర్డులకు థర్మోకోల్ తగలనీయకండి. అది రాపిడికి స్థిరవిద్యుత్తు పుట్టిస్తుంది. మన వేలికి చురుక్కుమనాలంటే వేల వోల్టులు కావాలి. కొన్ని ఐసీలు అంతకంటే చాలా తక్కువకే పాడవుతాయి. బోర్డు కొన్నప్పుడు వచ్చిన వెండిరంగు సంచిని పారేయకుండా దాచుకోండి.

అన్నిటికంటే జాగ్రత్త బ్యాటరీ విషయంలో కావాలి. 11.1 వోల్టుల లిథియం బ్యాటరీ రెండు కొసలకూ స్క్రూడ్రైవరు అడ్డంగా తగిలిందనుకోండి. వలయంలోని మొత్తం నిరోధం 0.05 ఓమ్ అనుకుంటే, ఓమ్ నియమం ప్రకారం 222 ఆంపియర్లు! 750 వాట్ల ఇస్త్రీపెట్టె తీసుకునేది మూడు ఆంపియర్ల పైచిలుకే. నిప్పు పుట్టడానికి ఇక ఆలస్యం ఉండదు. కాబట్టి బ్యాటరీని రోబో నుంచి తీసి, కొసలకు టేపు అంటించి, పనిముట్లకు దూరంగా వేరే డబ్బాలో పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని అసలు తీసుకుపోవద్దు. విమానంలో వెళ్లేవారు విడి లిథియం బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకోవాలి, సామానులో వేయనివ్వరు. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. 11.1 వోల్టులు, 2.2 ఆంపియర్-గంటలైతే 24.4. సాధారణంగా 100 వరకు విమాన సంస్థ అనుమతి అడగనక్కరలేదు.

స్క్రూలు, తీగలు, టేపు, విడి చక్రం వంటి చిల్లర సామాను జాబితాను మూత లోపలి వైపు అంటించండి. తిరుగు ప్రయాణంలోనూ అది పనికొస్తుంది. హడావిడిలో వస్తువులు ఎక్కువగా పోయేది అప్పుడే.

పెట్టె సిద్ధమయ్యాక అందులో మొదట రోబోను పెట్టకండి. దాని బరువుకు సరిపడా ఇసుకసంచినీ, సంచి పైన అతికించిన కోడిగుడ్డునూ పెట్టి, మోకాలి ఎత్తునుంచి వదలండి. తరువాత నడుము ఎత్తునుంచి. మూడో ప్రయత్నంలో గాని మా గుడ్డు నిలవలేదు.